ఖాళీ బండి బరువు

సైన్యం వాడేసి పక్కన పెట్టిన లారీలను వేలం వేస్తున్నారన్న ప్రకటన చూసింది నేనే. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే కాబట్టి కాగితాల పనీ, సంతకాలూ నా వంతు. "ముప్ఫై ఏళ్ళు పరాయివాళ్ళ బండ్లు తోలావు, ఇక నీ బండి తోలు నాన్నా" అని ఆయన వెంటపడి కొనిపించాను.

బండికి నీలం రంగు వేయించాం. గీత పడిన చోటల్లా అడుగున పాత ఆకుపచ్చ కనిపించేది. వెనక రెండు వైపులా ఉన్న పొడుగాటి బల్లలు ఊడదీయించాం. ఆ బల్లల అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. ఎంతమంది, ఎన్నేళ్ళు కూర్చుంటే కర్ర అలా అరుగుతుందో అనుకున్నాను గానీ, ఎక్కువ ఆలోచించలేదు.

నాన్న చాలాకాలం కూలీలను పనిచోటికి చేర్చే లారీ నడిపాడు. బండి కదిలించే ముందు వెనక్కి తిరిగి "అందరూ ఎక్కారా?" అని కేకేయడం ఆయనకు అలవాటు. కొత్త బండిలోనూ మొదటి రోజు అలాగే అడిగాడు.

"ఖాళీ బండిలో ఎవరున్నారు నాన్నా?" అన్నాను నవ్వుతూ.

"నోటికి అలవాటమ్మా. ఊరుకోమంటే ఊరుకుంటుందా?"

బండి కొద్దిగా కుంగి కదిలింది. పాత స్ప్రింగులు కదా అనుకున్నాను.

సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు మాకు పని ఇస్తామన్నారు. షరతు ఒక్కటే. ముందుగా ఖాళీ బండి బరువు తూచి రాసుకుంటారు. ఆ తర్వాత ప్రతి ట్రిప్పుకీ ఖాళీగా వచ్చినప్పుడు తూస్తారు. రాసుకున్న బరువుకు ముప్ఫై కిలోలు మించి అటూ ఇటూ అయితే పాసు రద్దు. పాసు రాకపోతే నాన్న మళ్ళీ పాత యజమాని గుమ్మం ముందు నిలబడాలి. "సొంత బండి సరదా తీరాక రా, సీటు ఉంచుతాలే" అని ఆయన పదిమందిలో అననే అన్నాడు.

ఆ మధ్యాహ్నం బండిని లారీలు తూచే వేబ్రిడ్జి ఎక్కించి ఇద్దరం దిగాం. కాటా గుమాస్తా కిటికీలోంచి మైకులో అన్నాడు. "వెనక ఉన్నవాళ్ళు కూడా దిగాలండీ."

"వెనక ఎవరూ లేరండీ" అన్నాను.

ఆయన ఎర్ర అంకెలు చూపించాడు. 6,850. వేలం కాగితంలో 5,600 ఉంది. కాటా మీద అనుమానం వచ్చి మమ్మల్ని బండి తీయమన్నాడు. ఖాళీ కాటా మీద తనే నిలబడి, అంకె ఎంతో నన్ను చూడమన్నాడు. తొంభై రెండు.

"కాటా బాగానే ఉంది. ఈ ముక్క మా ఇంట్లో చెప్పకండి" అన్నాడు.

మళ్ళీ ఎక్కించాం. మళ్ళీ 6,850.

నాన్న చాలాసేపు బండి వెనక నిలబడ్డాడు. తర్వాత తలుపు దించి, కూలీలతో మాట్లాడే గొంతుతోనే మెల్లగా అన్నాడు. "వచ్చేశాం, దిగండయ్యా. తోసుకోకండి, నిదానంగా."

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. అంకె 6,780 అయింది. కాసేపాగి 6,712. ఒక్కో అంకె తగ్గినప్పుడల్లా బండి వెనక భాగం వేలెడంత కూడా కాకుండా పైకి లేస్తోంది. వరుసలో ఉన్న లారీల డ్రైవర్లు టీ తాగుతూ, మాట్లాడుకుంటూనే ఎవరికో దారి ఇస్తున్నట్లు పక్కకు జరిగారు. ఎందుకు జరిగామని వాళ్ళలో ఎవరూ అడగలేదు.

పదిహేడుసార్లు తగ్గింది. 5,670 దగ్గర ఆగిపోయింది.

నాన్న నా దగ్గరికి వచ్చాడు. "ఒకడు మిగిలాడు. దిగనంటున్నాడు."

"నీకెలా తెలుసు?"

"మనుషుల్ని మోసినవాణ్ణి, ఆ మాత్రం తెలీదూ?"

వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. గుమాస్తా పెన్ను తీసి, "కాగితంలో ఉన్నదానికి డెబ్బై కిలోల తేడా అంటే పాత బండికి మామూలేలెండి. ఇదే రాసేయనా? ఒకసారి రాశాక మార్చడం నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

"ఆగమ్మా" అన్నాడు నాన్న. "రేపు అతను దిగిపోతే?"

"దిగనన్నాడుగా నాన్నా."

"రాయండి" అన్నాను గుమాస్తాతో. ఆయన రాసిన దాని కింద సంతకం పెట్టాను.

పని బాగానే సాగింది. బరువు ఎప్పుడూ తేడా రాలేదు. నాన్న ఇప్పుడు "అందరూ" అనడం మానేశాడు. "ఎక్కావా బాబూ?" అని, బండి కొద్దిగా కుంగేదాకా ఆగి, అప్పుడు తాళం తిప్పేవాడు. హమాలీలు బస్తాలు పేర్చేటప్పుడు ముందు మూల మనిషి పట్టేంత జాగా వదిలేసేవారు. అక్కడ వేస్తే నిలవడం లేదనేవారు. నేను వాళ్ళను మళ్ళీ అడగలేదు.

మూడో నెలలో ఒక రోజు, ఖాళీ బండితో ఫ్యాక్టరీకి వెళ్తున్నాం. పట్టపగలు. రోడ్డుకు రెండు వైపులా కోసేసిన పొలాలు తప్ప ఏమీ లేవు. క్యాబిన్ వెనక రేకు మీద రెండు దెబ్బలు వినిపించాయి. బండి వెనక కూర్చున్నవాళ్ళు దిగాలంటే అలాగే కొడతారు.

నాన్న కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. "దిగుతాడటమ్మా."

నా కళ్ళ ముందు కాటా ఎర్ర అంకెలు కనిపించాయి. 5,600. గుమాస్తా తల అడ్డంగా ఊపడం, పాత యజమాని గుమ్మంలో నాన్న చేతులు కట్టుకుని నిలబడడం కూడా కనిపించాయి.

"ఆపకు, పోనీ నాన్నా" అన్నాను.

"ఇక్కడే ఎక్కడో అతని వాళ్ళు ఉన్నారేమో."

"పోనీ."

నాన్న నావైపు చూడలేదు. కాలు బ్రేకు మీంచి తీశాడు. మళ్ళీ రెండు దెబ్బలు. కాసేపటికి వేళ్ళతో కాకుండా అరచేత్తో కొడుతున్నట్లు వినిపించింది. తర్వాత రెండు చేతులతో.

కాటా మీద బండి ఆగింది. 5,670.

"కిలో తేడా లేదు. మీ బండంత నమ్మకమైన బండి లేదమ్మా" అన్నాడు గుమాస్తా, పుస్తకం నావైపు తిప్పుతూ.

నేను సంతకం పెడుతున్నంతసేపూ ఆ చప్పుడు ఆగలేదు.