వీపుకి చెయ్యందదు

మా ఇందుకూరుపేటలో గజ్జి అంటే జబ్బు కాదు, తిట్టు. అందుకే మా వినీల వేళ్ళ సందుల్లో పొక్కులు లేచి రేయింబగలూ గోక్కుంటా ఉంటే, వేడి చేసిందిలే అని నెట్టుకొచ్చినా. చివరికి తగ్గినాకే రమ్మని బళ్ళో టీచరమ్మ ఇంటికి పంపించేసింది. పదో తరగతి పిల్ల, పరీక్షలు నెత్తి మీదున్నాయి. అది ఏడస్తా ఉంటే చూడలేక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయినా.

డాక్టరమ్మ లోషన్ రాసింది. ఇంటిల్లిపాదీ మెడ నుంచి అరికాళ్ళ దాకా పూసుకున్నాం. దుప్పట్లు ఉడకేసినా. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలు!

"పాప ఇంకెవరి పక్కనైనా పడుకుంటుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

వినీల తల దించుకునింది. "పెద్దమ్మ ఒక్కతే ఉంటది కదమ్మా. నువ్వు చేనికి పోయినప్పుడు పోయి పక్కన పడుకుంటా."

పెద్దమ్మంటే మా తోటికోడలు వెంకటశేషమ్మక్క. గోడ అవతలే ఇల్లు. బావ బతికున్నప్పుడు వాళ్ళ రొయ్యల గుంట ఉప్పునీళ్ళు ఊరి మా వరిపైరు మాడిపోయింది. అప్పట్నుంచీ మాటల్లేవు. ఈ పిల్ల చూడండి, నా కళ్ళుగప్పి!

"ఆమె కూడా పూసుకోకపోతే ఇది పోదు" అనేసింది డాక్టరమ్మ.

ఆ మనిషి ముందు నేను తగ్గేదా? ఒళ్ళు మండిపోయింది. కానీ రోషం పిల్లని పాస్ చేయిస్తదా? లోషన్ సీసా పట్టుకుని పొద్దుగూకేళకి పోయినా.

అక్క వాకిట్లో గోడకి వీపు రుద్దుకుంటా ఉంది. నన్ను చూసి గబుక్కున నిలబడింది.

"ఉక్కకి చెమటకాయలు మే" అనింది, నేను అడక్కముందే.

"చెమటకాయలూ కాదు, చింతకాయలూ కాదు, గజ్జి! ఈపూటే పూసుకో. నీవల్ల మా పిల్ల చదువు పోతా ఉంది."

కొట్లాటకొస్తదనుకున్నా. సీసా అందుకుని, మెల్లిగా అనింది. "వీపుకి చెయ్యందదే. ఎవురు పూస్తారు నాకు?"

కూర్చోబెట్టి నేనే పూసినా. ఎముకలు చేతికి తగిలినాయి. ఎంత చిక్కిపోయిందో! బావ పోయినాక తిండి కూడా సరిగ్గా తినట్లేదని తెలిసిపోయింది.

ఆ రాత్రే మా ఇంట్లోనూ అందరం మళ్ళీ పూసుకున్నాం. వారం తిరిగేసరికి వినీల పొక్కులు మాడినాయి. డాక్టరమ్మ సరేనంటే బడికి పరిగెత్తింది. ఆ సాయంత్రం అక్కకి రెండోసారి పూసినా.

"ఇంక పూసే పని లేదా మే?" అని అడిగింది.

"లేదక్కా. పోయినట్టే."

సంతోషపడుతుందనుకుంటే మొహం చిన్నబుచ్చుకునింది. నాకు ఏడుపు ఆగలా.

"రేపు నూనె తెస్తాలే, తలంటుతా" అన్నా.