సున్నా చుట్టని కొలత

మా ఆయన సంతకం ఆయనకంటే నేనే బాగా పెడతాను. గొప్పకి చెప్పడం లేదు, ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆ మహానుభావుడికి కత్తెర ఇస్తే ఎంత మొండి గుడ్డయినా మాట వింటుంది, కలం ఇస్తే మాత్రం అరచేతికి చెమటలు పడతాయి. అందుకే దర్జీ దుకాణం తెరిచిన మొదటి రోజే పని పంచుకున్నాం. ఆయన టేపు పట్టి కొలతలు చెబుతాడు, నేను పుస్తకంలో రాస్తాను. ఇంటి కాగితాలు, కరెంటు కాగితాలు, లైసెన్సు కాగితాలు, అన్నీ నావే. కింద సంతకం కూడా నాదే, అంటే ఆయనదే.

రాతకి ఒక్కటే నియమం. ఆయన చెప్పిందే రాయాలి. ఆయన లేనప్పుడు ఎవరైనా వస్తే, నేను కంటితో చూసి అంచనాగా అంకె వేసుకోవచ్చు. కానీ దాని పక్కన చిన్న సున్నా చుట్టాలి. సున్నా ఉన్న కొలత మీద ఆయన కత్తెర పెట్టడు. మనిషిని మళ్ళీ పిలిపించి, కొలిచి, సున్నా కొట్టేసి, అప్పుడు కోస్తాడు. ఒకసారి నేను చుట్టడం మర్చిపోయాను. ఒక పెద్దమనిషి కోటు పొట్ట దగ్గర రెండంగుళాలు తక్కువొచ్చింది. మా ఆయన పల్లెత్తు మాటనలేదు. ఆ కోటు తీసుకెళ్ళి మూడు రోజులు నా కుర్చీ ఎదురుగా వేలాడదీశాడు. తిట్టినా బాగుండేది.

అలాంటి మనిషి మొన్న పొద్దున బల్ల మీద గుడ్డ పరిచి, సుద్ద పట్టుకుని, “తల పగిలిపోతోందే” అన్నాడు. నేను పుస్తకంలోంచి తలైనా ఎత్తకుండా, “పొద్దుట్నించీ టీ చుక్క తాగకపోతే పగలదా మరి” అన్నాను. అదే మా ఆఖరి మాట. నిలబడ్డవాడు నిలబడ్డట్టే బల్ల మీదికి ఒరిగిపోయాడు.

తలలో నరం చిట్లిందట. మూడో రోజు మధ్యాహ్నానికి ఇద్దరు డాక్టర్లు విడివిడిగా పరీక్షలు చేసి, మెదడు పూర్తిగా ఆగిపోయిందన్నారు. “ఆయన చనిపోయారమ్మా” అన్నారు. ఎలా నమ్మను? ఛాతీ లేస్తోంది, దిగుతోంది. చెయ్యి వెచ్చగా ఉంది. ఊపిరి యంత్రానిదని చెబితే నా బుర్రకి అర్థమైంది కానీ, ఆ చెయ్యి పట్టుకున్న నా చేతికి అర్థం కాలేదు.

కాసేపటికి నీలం కోటు వేసుకున్న ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. అవయవ దానం గురించి ఇంటివాళ్ళతో మాట్లాడే ఉద్యోగం ఆవిడది. కోటు రెండో గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉంది. నా చూపు అక్కడే ఉండిపోయింది.

“మామూలుగా అయితే మేం ఇంటివాళ్ళని అడుగుతామమ్మా. కానీ మీవారు డ్రైవింగ్ లైసెన్సు కాగితంలోనే అవయవ దానం వద్దని రాసుకున్నారు. ఆయన మాట కాదనం. నాలుగింటికి యంత్రం ఆపుతారు. అది చెబుదామనే వచ్చాను.”

“వాడు వద్దన్నాడుగా, ఇంక మాటలెందుకు? వాడి మాటే ఆఖరు” అంది కొడుకు కాళ్ళ దగ్గర కూర్చున్న మా అత్తయ్య.

ఆ కాగితం నాకు బాగా గుర్తుంది. నాలుగేళ్ళ కిందట నేనే నింపాను. ఆయన తెర వెనక ఎవరికో కొలతలు తీస్తున్నాడు. మరణించాక అవయవాలు ఇస్తారా అని ఒక గడి వచ్చింది. మధ్యలో పదడుగుల దూరం, గొంతెత్తి అడిగితే సరిపోయేది. నోరు రాలేదు. ఆయన చావు సంగతి ఆయన్నే అడగాలంటే భయమేసింది. ఛీ, ఇదేం పాడు ప్రశ్న అని విసుక్కుని, ‘వద్దు’ దగ్గర టిక్కు కొట్టి, కింద ఆయన సంతకం గీసి పడేశాను. పక్కన సున్నా చుట్టలేదు. లైసెన్సు కాగితం మీద ఎవరైనా చుడతారా?

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. అత్తయ్యతో మాట పడక్కర్లేదు. ఆయన ఒంటి మీద కత్తి పడుతుందన్న ఊహతో బతకక్కర్లేదు. నాలుగయ్యేసరికి అంతా అయిపోతుంది. ఆయన అనని మాట ఆయన ఆఖరి మాటగా మిగిలిపోతుంది, అంతే.

రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు. కిటికీ తెర గాలికి ఉబ్బి మెల్లగా మంచం వైపు వచ్చి మళ్ళీ వెనక్కి పోతోంది. యంత్రం చప్పుడు మా కుట్టుమిషను చప్పుడులో కలిసిపోయింది. చూస్తే దుకాణంలోనే ఉన్నాను. గదంతా తెల్లటి వెలుగు. ఆయన చెవి వెనక సుద్దముక్క పెట్టుకుని ఎవరినో కొలుస్తున్నాడు. ఆ మనిషి మాత్రం నాకు కనిపించడం లేదు.

“భుజం పద్దెనిమిది. చెయ్యి ఇరవై నాలుగు. రాసుకో.”

“ఎవరికండీ? అక్కడెవరూ లేరుగా?”

“ముందు రాసుకోవే బాబూ, తర్వాత పోట్లాడుదువుగాని.”

రాస్తూనే ఉన్నాను. అంకెలు పేజీ దాటి బల్ల మీదికి, బల్ల మీదనుంచి నేల మీదికి పోతున్నాయి. ఉండబట్టలేక అడిగేశాను.

“ఏమండీ, అప్పుడడగలేదు, ఇప్పుడు చెప్పండి. ఇస్తారా, వద్దా?”

ఆయన నా దగ్గరికొచ్చి పుస్తకంలోకి వంగి చూశాడు. కళ్ళజోడు పైకి తోసుకుని, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అన్నాడు. “దీని పక్కన సున్నా ఏదే?”

మెలకువ వచ్చేసరికి నా మెడలో ఉండాల్సిన టేపు ఆయన మణికట్టు చుట్టూ ఉంది. మొన్న దుకాణంలోంచి ఆయన టేపు మెడలో వేసుకుని అలాగే పరిగెత్తుకొచ్చాను. “ఏడు” అన్నాను పైకే. రాసుకోవడానికి ఎవరూ లేరు.

లేచి వెళ్ళి నీలం కోటావిడని పిలుచుకొచ్చాను. అత్తయ్య ముందే చెప్పాను.

“ఆ కాగితంలో వద్దని రాసింది ఆయన కాదండీ. నేను. సంతకమూ నాదే.”

“అంటే ఆయనకి ఇష్టమేనా అమ్మా?”

“తెలీదు. అడిగితేగా తెలిసేది? చావు మాటొస్తే ఇద్దరం కూరగాయల ధరల్లోకి దిగిపోయేవాళ్ళం.”

ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకుంది. “అయితే ఆ కాగితం చెల్లదు. ఆయన మాట తెలీనప్పుడు మిమ్మల్నే అడగాలి. మీరు వద్దన్నా తప్పు లేదు. నాలుగు దాటినా పర్వాలేదు, నిదానంగా ఆలోచించుకోండి” అంది.

అత్తయ్య నావంక చూసిన చూపు ఎప్పటికీ మర్చిపోలేను. “అన్నీ వాడి బదులు నువ్వే రాశావు. ఆఖరికి చావు కూడా నువ్వే రాశావా? ఇప్పుడెందుకు చెప్పావే? చెప్పకపోతే ఎవరికి తెలిసేది?”

“కత్తెర పడకముందే చెప్పాలిగా అత్తయ్యా” అన్నాను. ఆ మాటతో నా ఏడుపు కట్టలు తెంచుకుంది. మొన్నటినుంచీ రాని ఏడుపంతా వచ్చేసింది. అత్తయ్య కూడా ఏడ్చింది. నన్ను దగ్గరికి తీసుకోలేదు, అలాగని పొమ్మనీ అనలేదు.

చాలాసేపటికి అడిగింది. “వాడైతే ఏమనేవాడే?”

“ముందు ‘ఎవరికి?’ అనేవాడు. ఆ తర్వాత ‘వాళ్ళకి సరిపోతుందా?’ అనేవాడు.”

అత్తయ్యకి అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. నీలం కోటావిడ మెల్లగా అంది. “ఎవరికో చెప్పకూడదమ్మా. సరిపోతుందో లేదో మాత్రం పరీక్షలన్నీ చేసే చూస్తారు.”

అత్తయ్య కొడుకు పాదాలు నిమురుతూ కూర్చుంది. “గుండె ఇవ్వండి. లోపలివేవి పనికొస్తే అవి ఇవ్వండి. కళ్ళు మాత్రం వద్దు. పుట్టగానే నన్ను చూసిన కళ్ళవి.”

కాగితం నా ముందుకొచ్చింది. ‘కళ్ళు వద్దు’ అని రాశాను. అది అత్తయ్య నోటితో చెప్పిన మాట, దానికి సున్నా అక్కర్లేదు. ‘మిగిలినవి ఇస్తున్నాం’ అని రాశాను. కిందికి రాగానే చెయ్యి దానంతటది ఆయన సంతకంలో మొదటి మెలిక తిప్పేసింది. ఆపాను. కొట్టేసి నా సంతకం పెట్టాను. ఎన్నేళ్ళయిందో పెట్టి, కొత్తగా అక్షరాలు నేర్చుకున్న పిల్లలా వంకరటింకరగా వచ్చింది.

అప్పుడు ‘ఇస్తున్నాం’ పక్కన చిన్న సున్నా చుట్టాను.

“ఇదేంటమ్మా?” అంది ఆవిడ.

“ఇది మా అంచనా అని గుర్తండీ. మనిషిని పిలిచి అడిగాక కొట్టెయ్యాలి.”

ఆవిడ ఆ సున్నాని కాసేపు చూసింది. కొట్టెయ్యమనలేదు. కాగితం అలాగే మడిచి తీసుకుని వెళ్ళింది.

సాయంత్రం మంచాన్ని తోసుకుంటూ తీసుకెళ్తుంటే తలుపుదాకా ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను. వెచ్చగానే ఉంది. సున్నా ఉన్న కొలత మీద కత్తెర పడడం మా ఇద్దరికీ అదే మొదటిసారి.