నీలం తొట్టిలో మూడు

అక్క చేతిలోకి కోడిపిల్ల వచ్చిందంటే రెండు క్షణాల పని. బొటనవేలితో రెక్క విప్పడం, ఈకల అంచు చూడడం, పెదవులు కదపడం. పెట్ట. పుంజు. మళ్లీ పెట్ట. ఈకలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా ఉంటే పెట్ట. అన్నీ సమానంగా ఉంటే పుంజు. పెట్టలు ట్రేలోకి, పుంజులు నీలం తొట్టిలోకి. ట్రేలోవి గుడ్ల ఫారాలకు బయల్దేరతాయి. తొట్టిలోవి ఎక్కడికీ వెళ్లవు. గుడ్డు పెట్టవు, కండ పట్టే జాతి కాదు, మేత దండగని ఆ పూటే ప్రాణం తీసేస్తారు.

ఇరవై రెండేళ్లుగా, గుడ్లు పొదిగించే ఆ హేచరీలో ఆవిడకి ఇదే పని. పిల్లల్ని ఏరే పన్నెండు బల్లల్లో పక్కది తోడికోడలిది. ఆమె కూతురు అప్పుడప్పుడూ అడిగేది, "పెద్దమ్మా, మరి పుంజుపిల్లలు ఎక్కడికెళ్తాయి?" అని. "వేరే ఫారానికి తల్లీ" అని చెప్పి, ఇంకో ప్రశ్న రాకుండా ఆ పిల్లకి జడ వేసే మిషతో తల అటు తిప్పేసేది.

ఇదిగో, ఇప్పుడు మిషను వచ్చింది. గుడ్డులోకి వెలుతురు పంపి, లోపల ఉన్నది ఆడో మగో చెప్పేస్తుందట. మగవాటిని గుడ్డుగా ఉన్నప్పుడే తీసేస్తారు.

సూపర్‌వైజరు వచ్చాడు. నున్నటి తల కాబట్టి ఆడవాళ్లంతా చాటున గుడ్డు సారు అంటారు.

"మిషను ఏరిన గుడ్లలోంచి పుట్టినవివి, వెయ్యి. అన్నీ పెట్టలే అంటోంది. కానీ ఓనరుగారికి మీ చెయ్యి చెప్పిందే లెక్క. ఇరవైకి మించి పుంజులు తేలితే మిషను వెనక్కి."

"తేలకపోతే?" అంది తోడికోడలు.

ఆయన తల నిమురుకున్నాడు. "బల్లలు తీసేస్తారమ్మా. పన్నెండూ."

"గుడ్డులో తీసేస్తే మాత్రం చంపినట్టు కాదా సారూ?"

"అప్పటికింకా నొప్పి తెలీదంటున్నారు."

"అంటున్నారా, తెలుసా?"

"నన్నడుగుతావేంటమ్మా, నేనేమన్నా గుడ్డులో ఉండి వచ్చానా?" అని ఆయన పక్క గదిలోకి వెళ్లిపోయాడు. ఉండి వచ్చినట్టే ఉన్నాడని తోడికోడలు గొణిగింది. ఇంకోరోజైతే అక్క పకపకా నవ్వేది.

ఇద్దరూ మొదలుపెట్టారు. పెట్ట, పెట్ట, పెట్ట. ఐదొందలు దాటేసరికి తొట్టిలో పడింది ఒక్కటే పుంజు. అంత వెలితిగా ఉన్న తొట్టిని అక్క ఎన్నడూ చూడలేదు.

తోడికోడలు దగ్గరికి జరిగింది. "అక్కా, ఇరవై ఒకటి చాలు. పన్నెండు ఇళ్లు నిలబడతాయి. రెక్క చూసి చెప్పేది మనమే, ఎవడికి తెలుస్తుంది?"

అక్కకి ఆ పన్నెండు ఇళ్లూ తెలుసు. మూలబల్ల మనిషికి మొగుడు మంచాన పడి ఉన్నాడు. ఈ వయసులో తనకి మాత్రం ఇంకో పని ఎవరిస్తారు? చెయ్యి ఆగిపోయింది.

"పుంజని చెప్పి ఎక్కడ వేస్తావు?" అంది చివరికి.

"ఇంకెక్కడ, తొట్టిలోనే."

"పెట్టని?"

తోడికోడలు ట్రేలోంచి ఒక పెట్టపిల్లని తీసి తొట్టి మీదికి చెయ్యి చాచింది. అక్క అడ్డుపడలేదు, చూస్తూ ఉండిపోయింది. పిడికిలి వెచ్చగా ఉందేమో, పిల్ల కాసేపు గింజుకుని, మెడ వాల్చి కళ్లు మూసుకుంది.

"ముదనష్టపుది, నిద్రపోతోందక్కా" అంది తోడికోడలు. చెయ్యి వెనక్కి తీసుకుని పిల్లని మెల్లగా ట్రేలో దించింది. ముక్కు చీదుకుని, "ఏంటలా చూస్తావు? ఇంకా బోలెడున్నాయి, కానీ" అని కసిరింది.

వెయ్యీ అయ్యాయి. గుడ్డు సారు కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"మూడు" అంది అక్క.

"మూడేనా? సరిగ్గా చూశారా?" సంతోషించాలో ఏడవాలో ఆయనకే తెలియలేదు.

"మూడే. ఆ మూడూ నాకిచ్చేయండి సారూ."

"పిల్లల్ని బయటికి ఇచ్చే రూలు లేదమ్మా."

"ఇవ్వకూడదని రూలుందా?"

ఆయన గోడకేసి తిరిగి కాగితం మీద ఏదో రాస్తూ నిలబడ్డాడు. ఒక్క అంకె వెయ్యడానికి చాలాసేపే పట్టింది. ఈలోగా ఖాళీ టిఫిన్ క్యారేజీలో అక్క చేతిరుమాలు పరిచింది.

దారి పొడుగునా క్యారేజీ కిచకిచలాడుతూనే ఉంది. ఊపిరాడాలని మూత వారగా పట్టుకుని, చెయ్యి కదలకుండా నడుస్తోంది అక్క. ఈసారి తోడికోడలి కూతురు అడిగితే చూపించడానికి మూడున్నాయి. మిగతావాటి సంగతి ఇవాళే చెప్పాలా, ఇంకాస్త పెద్దదయ్యాకా అని ఆలోచిస్తోంది.

"పెరిగాక తెల్లారకుండానే కూసి లేపుతాయి ఇవి" అంది తోడికోడలు. "పోవడానికి పనుందా, పాడా? లేచి ఏం చేస్తాం మనం?"

"ముందు లేద్దాం పదవే" అంది అక్క.

తోడికోడలు క్యారేజీ అందుకుంది. "ఇలా ఇవ్వు, కాసేపు నేను మోస్తా."