పడినట్టేనండి

మా ఆయన జయపాల్ గారు మర్యాదస్తులు. ఆ మర్యాదే ఆయన ఆటకు పట్టిన చీడ అంటే మాత్రం ఒప్పుకోరు.

కాకినాడలో ఆయన పనిచేసే ఎరువుల ఫ్యాక్టరీ క్వార్టర్స్ వెనక చిన్న గోల్ఫ్ మైదానం ఉంది. ఈ నెలాఖరుకు రిటైరవుతారు. క్వార్టరూ పోతుంది, మైదానమూ పోతుంది. ఈలోగా ఒక్కసారైనా ఏటా జరిగే కప్పు పోటీలో ఆడాలని ఆయన కోరిక. అందుకు హ్యాండిక్యాప్ పద్దెనిమిదికి దిగాలి. అంటే గట్టి ఆటగాడి కంటే పద్దెనిమిది దెబ్బలకు మించి ఎక్కువ కొట్టకూడదు. ఈయనది ఎన్నేళ్లయినా ఇరవై దగ్గరే కూర్చుంది.

దాని కోసం కొత్త గోల్ఫ్ కర్ర కొన్నారు. యూట్యూబ్ చూసి హాల్లో నడుం తిప్పి నా పూలకుండీ పగలగొట్టారు. తగ్గిందా? ఎక్కడ తగ్గుతుంది!

పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లి, మైదానం పక్క బెంచీ మీద కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. ఆయనతో రోజూ ఆడేది సామర్లకోట ధాన్యం వ్యాపారి వెంకటరత్నం గారు. బంతి గుంతకు రెండడుగుల దూరంలో ఆగితే చాలు, "పడినట్టేనండి, తీసేసుకోండి," అంటారాయన. "అయ్యో, మీదీ పడినట్టేనండి," అంటారీయన. ఇద్దరూ బంతులు చేత్తో తీసుకుని కాఫీకి పోతారు. లెక్కలోకొచ్చే శనివారం ఆటలో మాత్రం గుంతలో వెయ్యాల్సిందే. అప్పుడు ఈయన చేతులు వణుకుతాయి. వణకవూ మరి? రోజూ వేస్తేగా!

"రేపట్నించి మీరే వెయ్యండి," అన్నాను.

"ఆయన తీసేసుకోమన్నాక వేస్తే ఏం బాగుంటుంది ప్రిస్కిల్లా? ఆయన మాట తీసేసినట్టుండదూ?"

నాకు ఒళ్లు మండింది. హాల్లో స్టీలు గ్లాసు పడుకోబెట్టి, బంతి అందులో పడితేనే పెసరట్టు అన్నాను. నాలుగు రోజులు చల్లారిన పెసరట్లే తిన్నారు పాపం.

కప్పు పోటీకి ముందు చివరి శనివారం వచ్చింది. చివరి గుంత దగ్గర ఈయన బంతి రెండడుగుల దూరంలో ఆగింది. ఇది పడితే హ్యాండిక్యాప్ దిగుతుంది. చేత్తో తీస్తే కప్పు మాట మరిచిపోవడమే.

"పడినట్టేనండి, తీసేసుకోండి," అని అలవాటుగా నోరు జారారు వెంకటరత్నం గారు.

మా ఆయన నడుం వంగింది. చెయ్యి బంతి దాకా పోయింది. బెంచీ మీద నా పై ప్రాణం పైనే పోయింది. ప్రభువా, ఈ ఒక్కసారికి ఈ మనిషి మర్యాదను పక్కన పెట్టించు!

చెయ్యి ఆగింది. మెల్లగా లేచి నిలబడ్డారు.

"ఏమనుకోకండి రత్నం గారూ. నేను వేసుకుంటానండి."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఒకరి మాట కాదనడం నేను వినలేదు.

వేశారు. బంతి అంచు దాకా దొర్లి, కాస్త తటపటాయించి, లోపల టక్కుమని పడింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

వెంకటరత్నం గారి బంతి కూడా అంత దగ్గరలోనే ఉంది. మా ఆయన ఏదో అనబోయి నోరు మూసుకున్నారు. రత్నం గారూ వేశారు. అదీ టక్కుమంది.

ఆయన వంగి గుంతలోకి చూశారు.

"ఇంత బావుందేంటండీ ఈ చప్పుడు!" అన్నారు. "ఇన్నాళ్లూ ఇది ఒకరికొకరం వినపడకుండా చేసుకున్నామండి."