కాశీ విమానంలో పీటముడి

నేను ఒక విమానం సీటు బెల్టును. రెండు నీలం పట్టీలు, మధ్యలో ఒక ఇనుప మూత, ఇంతే నా ఒళ్ళు. సముద్రాల అవతల ఏదో కార్ఖానాలో నన్ను నేశారు. ఆ చివరా ఈ చివరా యంత్రానికి బిగించి, పీచు పీచు అయ్యేలా లాగించి, తెగలేదని తేలాకే నామీద ముద్ర కొట్టారు. అక్కడ నాకు రెండే విద్యలు నేర్పారు. ఒకటి పట్టుకోవడం, రెండోది వదిలిపెట్టడం. మూత ఎత్తితే చాలు, వదిలేయాలి. ఎత్తింది ఎవరి చెయ్యి, ఎందుకు ఎత్తింది అని అడిగే హక్కు నాకు లేదు. నా పుట్టుకలోనే ఉన్న లోపం అది.

పద్దెనిమిదో వరసలో కిటికీ పక్క సీటుకు నన్ను తగిలించారు. మొదటిసారి గాల్లోకి లేచినప్పుడు నాకు ఒకటే ఆశ్చర్యం. ఆహా, అంత ఇనుము, అంతమంది జనం, వాళ్ళ ఆవకాయ సీసాలు, పట్టుచీరల పెట్టెలు, అన్నీ కలిసి మబ్బుల్ని చీల్చుకుని పైకి పోతుంటే ఏమని చెప్పను! ఆ ఆశ్చర్యం నాకు చివరిదాకా తీరలేదు. మనుషులకు మాత్రం రెండో ప్రయాణానికే తీరిపోతుంది. దేవతలు తిరిగే చోట కూర్చుని, ఉప్మా చల్లారిపోయిందని తగువు పెట్టుకునే జాతి అది. ఎన్ని పొట్టల్ని కౌగిలించుకున్నానో! ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని, నా మూత పడగానే హమ్మయ్య అని వదిలేసే పెద్దమనుషుల్ని చూస్తే నాకు భలే నవ్వొచ్చేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. విమానాల వాళ్ళు ఉన్న సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్ముతారు. పెళ్ళికి పిలిచినవాళ్ళంతా ఎలాగూ రారులే అని వంటవాడు నాలుగు శేర్లు తగ్గించి ఎసరు పెట్టినట్టన్నమాట. అందరూ వచ్చారో, చివరి బంతి వాళ్ళకు ఖాళీ విస్తరే గతి.

విశాఖపట్నంలో మా కంపెనీ మేనేజరు భార్గవరామ్ ఈ లెక్కలో ఘనుడు. మంచివాడే, ఎవరినీ గట్టిగా కసరడు. కానీ తనకో సూత్రం ఉండేది. "అమావాస్య నాడు మనవాళ్ళు గడప దాటరండీ. టికెట్ కొన్నవాళ్ళు కూడా చివరి నిమిషంలో మానుకుంటారు. ఆ రోజుకి ఇంకాస్త ఎక్కువ అమ్మేయండి" అని పై ఆఫీసుకు చెప్పేవాడు. వాళ్ళ అమ్మ చిన్నప్పటినుంచీ అమావాస్య నాడు అతన్ని ఊరు కదలనివ్వలేదు, అందుకని అతనికి అంత నమ్మకం. నిజం చెప్పొద్దూ, అమావాస్య వచ్చినప్పుడల్లా సీట్లు ఖాళీగానే ఉండేవి. పై ఆఫీసు వాళ్ళు అతని తెలివిని మెచ్చుకుని శాలువా కూడా కప్పారు.

ఆ ఏడు భాద్రపదంలోనూ అమావాస్య వచ్చింది. కాశీకి పోయే విమానం. భార్గవరామ్ అలవాటు ప్రకారం ఎక్కువ అమ్మించాడు. తెల్లారేసరికి టికెట్ ఉన్న ప్రతి ప్రాణీ విమానాశ్రయంలో దిగింది! పంచెలు, దర్భలు, నువ్వుల పొట్లాలు, సంచుల్లో రాగి చెంబులు. అది మామూలు అమావాస్య కాదు మరి, మహాలయ అమావాస్య. పోయినవాళ్ళందరికీ నీళ్ళు వదిలే రోజు. ఇల్లు కదలకూడని అమావాస్యకూ, ఇల్లు వదిలి కాశీకి పరిగెత్తాల్సిన అమావాస్యకూ తేడా ఆ మహానుభావుడికి తట్టలేదు.

ఆలస్యంగా వచ్చినవాళ్ళను గేటు దగ్గరే ఆపేశారు. వాళ్ళ అరుపులు విమానంలోకి కూడా వినిపించాయి. లోపల మాత్రం అన్ని సీట్లూ నిండాయి. నా సీట్లోకి ఒకామె వచ్చింది. పేరు సూరాడ నూకాలు. భీమిలి అవతల పాలెంలో చేపలమ్ముకునే మనిషి. నల్లగా, గట్టిగా, ఎండకు కాగిన చేతులు. ఆ చేతులకు మోచేతిదాకా ఆకుపచ్చ గాజులు. నుదుట మాత్రం బొట్టు లేదు. గాజులుండి బొట్టు లేని ఆడదాన్ని నేనెప్పుడూ చూడలేదు.

పక్క సీట్లో నరసన్నపేట పెద్దాయన కూర్చున్నాడు. పంతులుగిరీ చేసి దిగిపోయిన మనిషి, ఊరికే ఉండలేడు. "ఎవరికోసమమ్మా కాశీ?" అన్నాడు.

"మా మావకి బాబూ" అంది నూకాలు. "ఏటకెల్లినాడు, తుపానొచ్చింది. పడవొచ్చీసింది గానీ మడిసి రానేదు. ఆరేళ్ళు సూసినాను. గాజులు తీసీమని ఊరంతా సెప్పినారు, తియ్యనేదు. శవం సూడకుండా ఎలగ తీస్తాను? బొట్టెట్టుకోడానికి మనసొప్పనేదు, గాజులు తియ్యడానికి సెయ్యొప్పనేదు. కాశీలో తెలుగు పంతులుగోరు పోన్లో సెప్పినాడు, ఏ రోజు పోయినాడో తెలీనోలకి ఈ అమాసే తిథంట. ఇయ్యాల మద్దేనానికి గంగలో దిగి, ఈ గాజులు నా సేత్తో నానే తీసి ఇచ్చీసి, ఆణ్ణి ఒగ్గీయాల."

రైలుకే బయలుదేరిందట. దారిలో వరదకి పట్టాలు కొట్టుకుపోతే, పాలెంలో ఆడవాళ్ళంతా చందా వేసి ముందురోజు ఈ టికెట్ కొనిచ్చారట. విమానం ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. అటు నుంచి వెళుతూ విమానం పిల్ల ఝాన్సీ "బెల్టు పెట్టుకోండమ్మా" అంది. నూకాలు నా మూతను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ రేకుముక్కేటి ఆపుతాది" అని నవ్వుకుంది. నా రెండు పట్టీలనూ సాగదీసి, ఒకదాని కిందనుంచి ఒకటి దూర్చి, మెలిపెట్టి, ఒళ్ళో బిగించి ముడేసేసింది. పడవను గుంజకు కట్టే ముడి అది. అమ్మమ్మమ్మ, ఏం ముడి! నా పుట్టుకనాడు యంత్రం కూడా నన్ను అంత ముద్దుగా, అంత గట్టిగా బిగించలేదు. మూత కిందికి వేలాడుతోంది. మొదటిసారిగా నేను మూతతో పని లేకుండా పట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే భార్గవరామ్ చెమటలు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. కాశీలో ఇంకో విమానం నడపాల్సిన పైలట్ ఒకాయన ఇందులో వెళ్ళాలట, ఆయనకొక సీటు కావాలట. ఎవరైనా దయచేసి దిగుతారా అని అడిగాడు. మరో టికెట్ ఇస్తాం, హోటల్ ఇస్తాం అన్నాడు. ఒక్కరూ కదలలేదు. "మా అమ్మకి పిండం బాబూ" అన్నారొకరు. "మా తమ్ముడికి" అన్నారింకొకరు. నరసన్నపేట పెద్దాయన కిటికీలోంచి మబ్బుల్ని పరీక్షగా చూడసాగాడు. పోయినవాళ్ళ ఆకలి తీర్చడానికి బయలుదేరిన విమానం అది, బతికున్నవాళ్ళ సంగతి ఎవరికి పట్టింది?

అందరికన్నా ఆఖరున టికెట్ కొన్నవాళ్ళెవరో అతని చేతిలోని యంత్రం చెప్పింది. నూకాలు.

"మీరు దిగాలమ్మా. రేపు పొద్దున్నే పంపిస్తాం" అన్నాడు భార్గవరామ్.

"రేపేటి బాబూ? రేపు పాడ్యమి" అంది నూకాలు. "రేపెల్తే మళ్ళీ ఏడాది దాకా ఆడు నీళ్ళకి ఎదురు సూస్తుండాల. నాను దిగను."

బతిమాలాడు, బెదిరించాడు. ఆమె రెండు చేతులూ ముడి మీద పెట్టుకుని కూర్చుంది. చివరికి ఇద్దరు గార్డులు వచ్చారు. పెద్దాయన్ని లేపి నడవాలోకి పంపి, ఒకడు నా మూత కోసం వెతికాడు. మూత ఎత్తాడు, దించాడు, ఏమీ కాలేదు. ముడి పట్టుకుని లాగాడు. లాగినకొద్దీ అది బిగిసింది. ఇంకొకడు పళ్ళు బిగించి లాగాడు, ఇంకా బిగిసింది. కత్తితో కోద్దామంటే విమానంలో కత్తి ఎక్కడిది? ఆమె అడకత్తెర కూడా కిందే లాక్కున్నారాయె. నాకేమో లోలోపల పండగ. జన్మలో ఒక్కసారి, పరాయి చెయ్యి వచ్చి వదలమంటే వదలకుండా ఉన్నాను!

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. ముడి రాకపోయేసరికి వాళ్ళు మనిషి మీద పడ్డారు. చేతులు ముడి మీంచి పీకేస్తే సందు దొరుకుతుందనుకున్నారేమో, చెరో చెయ్యి పట్టుకుని గుంజారు. మోచెయ్యి సీటు అంచుకు కొట్టుకుంది. "ఓలమ్మో, నా గాజులు! గాజులు బాబూ!" అని నూకాలు కేక పెట్టింది.

చిటపటమని శబ్దం. ఆకుపచ్చ ముక్కలు నా మీదా, నేల మీదా రాలాయి.

భర్త పోయిన ఆడదాని గాజులు ఎవరు, ఎప్పుడు పగలగొడతారో ఆ విమానంలో తెలియనిదెవరికి? ఆరేళ్ళు ఊరంతా చెప్పినా ఆమె పగలనివ్వని గాజులు. గార్డుల చేతులు వాటంతటవే వదిలేశాయి. వాళ్ళలో ఒక కుర్రాడు తన అరచేతుల్ని చూసుకుంటూ, "అమ్మా, నేను... నేను కావాలని కాదమ్మా" అని ఏడ్చేశాడు. నూకాలు మాత్రం ఏడవలేదు. రక్తంతో చెమ్మగిల్లిన మణికట్టును తడుముకుంది. ఎడమ చేతికి ఒక్క గాజు మిగిలింది. దాన్ని కొంగుతో కప్పేసుకుంది.

అప్పుడు లేచారండీ జనం! ఇందాక మబ్బులు చూస్తూ కూర్చున్న నరసన్నపేట పెద్దాయన అందరికన్నా ముందు గొంతెత్తాడు. "మహాలయ అమావాస్యయ్యా ఇవాళ! బుద్ధుందా మీకు? నేను దిగుతాను, నన్ను దింపండి! మా నాన్న రేపటిదాకా ఓర్చుకుంటాడు!" నేను దిగుతానంటే నేను దిగుతానని వరసలకు వరసలు నిలబడ్డాయి. ఇందాకటి మనుషులేనా వీళ్ళు అని నేను విస్తుపోయాను. భార్గవరామ్ "మహాలయమా!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి ఇంటికి రారా, నాన్నకి పిండం పెట్టాలి అని తెల్లవారుజామున వాళ్ళమ్మ ఫోను చేసిన సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చిందట. తర్వాత ఝాన్సీతో చెప్పుకుంటుంటే విన్నాను.

ఈ గోల విని ముందు గదిలోంచి కెప్టెన్ హైమవతి వచ్చింది. నేలమీద గాజుముక్కలు చూసింది, ఆమె మణికట్టు చూసింది. అక్కడే, నడవాలో, టోపీ తీసి మోకాళ్ళ మీద కూర్చుంది.

నూకాలు కళ్ళు పెద్దవి చేసింది. "ఈ ఇమానం నువ్వే తోల్తావేటమ్మా?"

"నేనేనమ్మా."

"మా దగ్గర ఆడోలిని పడవెక్కనివ్వరు" అంది నూకాలు, ఆ బాధలోనూ అబ్బురంగా.

"ఆ పైలట్ నా గదిలో మడత కుర్చీలో కూర్చుంటాడు. నడుం నొప్పెడితే పెట్టనీ" అని భార్గవరామ్ వైపు చూసి చెప్పి, కెప్టెన్ మళ్ళీ ఇటు తిరిగింది. "అమ్మా, ఈ ముడితో మాత్రం నేను ఎగరలేను. ఏదైనా అయితే మిమ్మల్ని ఎవరూ బయటికి తీయలేరు. కోస్తే ఇక ఈ సీట్లో ఎవరూ కూర్చోకూడదు. మీరే విప్పాలి. విప్పాక మిమ్మల్ని ఎవరూ ముట్టుకోరు. నాదీ మాట."

గార్డులింకా అక్కడే ఉన్నారు. ముడి విప్పితే ఆమెకు ఇక ఏ రక్షణా లేదు, ఒక్క వేలితో నా మూత ఎత్తి లాక్కుపోవచ్చు. నూకాలు కెప్టెన్ ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఈ ముడి మా మావ నేర్పిందేనమ్మా" అంది మెల్లగా. "ఎంత కెరటమొచ్చినా జారదు. ఆడేసిన ముడి ఎప్పుడూ జారనేదు. ఆడే జారిపోయినాడు."

ఇద్దరు మగవాళ్ళ బలానికి లొంగని ఆ ముడిని బొటనవేలితో వెనక్కి ఒక్క నెట్టు నెట్టింది. తల్లి ఒళ్ళో బిడ్డ మెత్తబడినట్టు అది వదులైపోయింది. కెప్టెన్ తన చేత్తో నా మూత పెట్టి, బిగించి, లేచింది. మాట తప్పలేదు.

విమానం సముద్రం మీదుగా లేచింది. నూకాలు కిటికీకి నుదురు ఆనించింది. ఆరేళ్ళుగా ఒడ్డున కూర్చుని చూసిన సముద్రం, పైనుంచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా. పడవలు నువ్వుగింజల్లా ఉన్నాయి. "ఓలమ్మ, ఎంతుందో! ఇంత నీటిలో ఆణ్ణెక్కడని ఎతికుంటారు" అంది. మావను వెతికి తేలేదని ఊరివాళ్ళ మీద ఆమెకున్న కోపం ఆ మాటతో పోయిందనిపించింది. అప్పుడు ఏడ్చింది. నేను ఎన్నో వేలసార్లు ఎగిరాను గానీ, నాకు ఆ సముద్రం అంత పెద్దదిగా ఎప్పుడూ కనబడలేదు.

కాశీలో దిగేటప్పుడు ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. నూకాలు నా మూత తనే ఎత్తింది. కొంగు కింద ఆ ఒక్క గాజును పట్టుకుని, దారిచ్చి నిలబడిన జనం మధ్యలోంచి వెళ్ళిపోయింది. గంగ దాకా నేను పోలేను కదా.

తర్వాత నాకు పెద్దగా కథ లేదు. ముడి విప్పినా పట్టీలో మడత పోలేదు. తనిఖీకి వచ్చినవాడు వేలితో రుద్ది చూసి, ఇది పనికిరాదని ఊడదీశాడు. ఇప్పుడు గాజువాకలో ఒక పాత సామాన్ల కొట్టు వెనక, తుప్పు రేకుల మీద పడి ఉన్నాను. గాలి ఇటు తిరిగినప్పుడు సముద్రం వాసన వస్తుంది.

మూత దగ్గర కుట్టులో ఒక ఆకుపచ్చ గాజుముక్క ఇరుక్కుని ఉంది. విమానం ఊడ్చినవాళ్ళకు కనబడలేదు, తనిఖీవాడికీ కనబడలేదు. వానలు పడ్డాయి, పిల్లులు నామీద పడుకున్నాయి, కొట్టువాడు నన్ను రెండుసార్లు విదిలించి పక్కన పారేశాడు. మొన్న ఎవడో వచ్చి నా మూత ఎత్తి, దించి, టకటకా ఆడించి చూశాడు. ఎత్తనీండి, ఎవరి చెయ్యైనా సరే. దీన్ని మాత్రం నేను వదలను.