అత్తగారి పళ్లు

రెండేళ్లుగా నా గడప తొక్కని మా తమ్ముడు గిల్బర్ట్, నవంబరు రెండో బుధవారం మధ్యాహ్నం నేరుగా నా వంటింట్లోకి వచ్చి, "సూప్ ఏమైనా మిగిలిందా అక్కా?" అని అడిగాడు. క్షమించమని కాదు. సూప్.

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా గిన్నె నిండా పోశాను. మా అమ్మ పెంపకం అలాంటిది. పగవాడొచ్చినా ముందు కేల్ ఆకు సూపు, అందులో నాలుగు షురీస్ సాసేజీ ముక్కలు, ఆ తర్వాతే తిట్లు.

వాడెందుకొచ్చాడో నాకు ముందే తెలుసు. పొద్దున్నే వాడి భార్య క్లాడెట్ ఫోన్ చేసింది. "వదినా, ఈయన మోకాలు మార్పించుకుని ఆర్నెల్లు కాలేదు. శనివారం తెల్లారేసరికి ఒక్కడే రాళ్ల మీదికి పోతాడట! మీ అక్క తోడొస్తే పో, లేదంటే ఆ గాలపు కర్రలన్నీ పొయ్యిలో పెడతానని చెప్పేశా. కాస్త మీరే చూడాలి."

మా రోడ్ ఐలాండ్ తీరంలో నవంబరంటే చారల బాస్ చేపలు చలికి జడిసి దక్షిణానికి కట్టకట్టుకుని పోయే నెల. మేం వాటిని స్ట్రైపర్లంటాం. ఆ చివరి గుంపు చేజారిందా, మళ్లీ మే నెల దాకా సోఫాలో పడి ఇంట్లోవాళ్ల చేత చివాట్లు తినడమే. అందుకే రెండేళ్లు పౌరుషంగా మొహం తిప్పుకున్న మనిషి ఇప్పుడు నా ముందు కూర్చుని షురీస్ ముక్కలు ఏరుకుని తింటున్నాడు.

ఇంతకీ పౌరుషం దేనికంటారా? మా నాన్న చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒక చోటు చూపించాడు. ఒడ్డుకు కొంచెం దూరంలో వంకర టింకరగా లేచిన రాళ్ల వరస. దానికి 'అత్తగారి పళ్లు' అని ఆయనే పేరు పెట్టాడు, మా అమ్మమ్మ బతికుండగానే. ఆటు మొదలై నీళ్లు వెనక్కి లాగేటప్పుడు ఆ పళ్ల సందుల్లో పెద్ద చేపలు కాచుకుని ఉంటాయి. ఆ సంగతి లోకంలో మాకిద్దరికే తెలుసు. మా తీరంలో పెళ్లాన్ని వదిలేసినవాణ్ని క్షమిస్తారు, సమాధి పెట్టే దగ్గర ఆవలించినవాణ్ని క్షమిస్తారు. చేపలుండే చోటు బయటపెట్టినవాణ్ని మాత్రం క్షమించరు.

రెండేళ్ల కిందటి నవంబర్లో గిల్ అక్కడ నలభై ఏడు అంగుళాల చేపను పట్టాడు. చట్టం ప్రకారం అంత పెద్దదాన్ని ఇంటికి తీసుకుపోకూడదు కాబట్టి నేనొక ఫోటో తీశాను, వాడు దాన్ని నీళ్లలోకి వదిలేశాడు. పది రోజులు తిరక్కుండా ఆ ఒడ్డున పదకొండు బండ్లు ఆగి ఉన్నాయి! గిల్ తిన్నగా ఎరల కొట్టుకు పోయి, పదిమంది ముందు, "మా ఒలిందా అక్క నోట్లో నువ్వుగింజ నానదు" అని ప్రకటించాడు. ఆనాటి నుంచి నేను కొట్లో అడుగుపెడితే చాలు, "రేడియో వచ్చింది, ఊరుకోండర్రా" అని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకోవడం. అరవై ఏడేళ్లొచ్చాక రేడియో అనిపించుకున్నాను. నేనెవరికీ చెప్పలేదు. చెప్పలేదని చెప్పినా నమ్మేవాడు లేడు.

గిల్ సూపు ముగించి గిన్నె పక్కకు నెట్టి బల్లంతా కాగితాలు పరిచాడు. ఆటుపోట్ల పట్టీ, చంద్రుడి పట్టీ, గాలి లెక్కలు. వాడు ముప్పై రెండేళ్లు పోస్టాఫీసులో పనిచేశాడు. చేపలు కూడా చిరునామా చూసుకుని వస్తాయని వాడి నమ్మకం.

"శుక్రవారం పున్నమి. శనివారం పొద్దున్న ఆరూ పదికి ఆటు మొదలు. అయిదున్నరకి బయల్దేరితే చాలు" అన్నాడు.

"ఆరూ పదా? ఆ పట్టీ ఎప్పటిది?"

"ఆగస్టులో అచ్చేసింది. ఏం?"

"గడియారాలు గంట వెనక్కి తిప్పి పది రోజులైంది. సముద్రానికి నీ గడియారంతో పనేంట్రా? అయిదూ పదికే ఆటు మొదలవుతుంది. నువ్వు తీరిగ్గా వెళ్లి రాళ్లకి గుడ్ మార్నింగ్ చెప్పి రా."

వాడు పట్టీని తిరగేసి మరగేసి చూసి, ఆ తప్పు నాదే అన్నట్టు నా వైపు చూశాడు. "సరే, నాలుగున్నరకి బయల్దేరదాం. గాలి?"

"వాయవ్యం. నీ మొహాన కొట్టదు, వీపున కొడుతుంది. బరువు తక్కువున్న ఎర కూడా దూరం పోతుంది."

"ఆదివారం చర్చిలో మొక్కుకున్నా, వాయవ్యం కావాలని."

"గాలి కోసం కూడా మొక్కావా?"

"సెయింట్ పీటర్ కూడా చేపలు పట్టినవాడే అక్కా. ఆయనకి అర్థమవుతుంది."

ఆ పీటర్ కోడి కూసేలోపు తన ప్రభువుని ఎరగనని ముమ్మారు అబద్ధమాడాడు కాబట్టి మా తీరం వాళ్లందరికీ ఆయనంటే బాగా గురి. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను.

ఎర కోసం మలుగుపాము చేపలు ఎన్ని కొనాలి, రాళ్ల మీద జారకుండా వేసుకునే మేకుల బూట్లు ఎవరివి అరిగాయి, ఫ్లాస్కులో కాఫీ ఎవరు తేవాలి, అన్నీ తేలాయి. ఎక్కడికి పోవాలో ఒక్కటే తేలలేదు. "అత్తగారి పళ్ల దగ్గర ఇప్పుడు సంత. పోవడానికి మనకంటూ ఒక్క చోటు మిగల్లేదు" అని గిల్ నిట్టూర్చాడు, నిట్టూర్పును సరిగ్గా నా మొహం మీదికే వదులుతూ.

నాకొక చోటుంది. వెలివేసినట్టు ఒంటరిగా తిరిగిన రెండేళ్లలో నాకు నేనే వెతుక్కున్నాను. కిందటి అక్టోబరు ఒక్క నెలలోనే అక్కడ తొమ్మిది స్ట్రైపర్లు పట్టాను. ఎవరికీ చెప్పలేదు. పాపాలు చెప్పుకునేటప్పుడు ఫాదర్ దగ్గర కూడా దాని మాటెత్తలేదు, ఆయన దగ్గరా గాలపు కర్ర ఉంది మరి. గిల్ ఒక్క మాటంటే చాలు, ఆ చోటు వాడికి చూపించాలనే ఉంది నాకు. వాడు లేకుండా పట్టిన చేప చేపలా అనిపించడం లేదు.

అందుకని సిగ్గు విడిచి నేనే అడిగాను. "ఒరే గిల్, నేను చెప్పలేదని ఒక్కసారి అనరా."

వాడు కాగితాలు సర్దుకుంటూ, "నువ్వు కావాలని చెప్పావని నేనట్లేదు అక్కా. జుట్టు కత్తిరించుకునే దగ్గరెక్కడో నోరు జారుంటావు. పోనీలే, వయసు మీద పడుతోంది" అన్నాడు.

పోనీలేనట! వాడే నన్ను క్షమించేశాడు! చేతిలో గరిటె ఉంది, వాడి బట్టతల చేతికందే దూరంలోనే ఉంది. క్లాడెట్ మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. "లే, మలుగుపాములు అయిపోకముందే కొట్టుకి పోదాం" అన్నాను.

ఎరల కొట్టు ఆర్మండ్‌ది. ఆ రోజు అతను గోడకు రంగు వేయించడానికి ఫోటోలన్నీ ఊడదీస్తున్నాడు. ఆ గోడ మా ఊరికి చర్చి కన్నా ఎక్కువ. పెద్ద చేప పట్టిన ప్రతివాడి ఫోటో అక్కడ ఎక్కుతుంది. అయితే ఏ ఫోటోలోనూ వెనకాల సముద్రం గానీ రాయి గానీ ఉండవు. చోటు తెలిసిపోతుందని ఎవరికి వాళ్లు తమ ఆకారాన్ని కత్తెరతో కత్తిరించి అంటిస్తారు. కాళ్ల కింద నేల లేకుండా, చేతుల్లో చేపతో, ప్రార్థన కార్డుల మీది పునీతుల్లా అందరూ గాల్లో తేలుతుంటారు.

లోపల అయిదారుగురు నిలబడి కాఫీ తాగుతున్నారు. నన్ను చూడగానే డూట్రా అనే ఒక బోడిగుండు, "రేడియో..." అని మొదలుపెట్టాడు.

ఆర్మండ్ అతని మాటకు అడ్డొచ్చి, "గిల్, ఇదిగో నీ బొమ్మ" అంటూ కత్తిరించిన గిల్‌ను, చేపతో సహా, వాడి చేతిలో పెట్టాడు. తర్వాత వెనకగది తలుపు లోపలి వైపు గుచ్చి ఉన్న ఇంకో కాగితం పీకి తెచ్చాడు. "ఇదీ నీదే. రెంటినీ విడదీయడం ఎందుకు?"

అది మిగతా ఫోటో. నేను తీసిందే. నడిమధ్యన టోపీ పెట్టుకున్న మనిషి ఆకారంలో ఒక కన్నం, ఆ కన్నం చేతుల్లో చేప ఆకారంలో ఇంకో కన్నం. చుట్టూ తెల్లవారుతున్న వెలుతురులో అత్తగారి పళ్లు, ఒక్కటీ తప్పిపోకుండా. మూలన కొండ మీది తెల్ల ఇల్లు, దాని రెండు పొగగొట్టాలతో సహా. ఆ ఇల్లొక్కటి చాలు, ఊళ్లో ఎవడైనా చోటు పోల్చుకోవడానికి.

"ఆ రోజు నువ్వు నా కత్తెరతో ఇక్కడే కత్తిరించావు కదా. ముక్క నా చెత్తబుట్టలో పడేసి పోయావు. నాకు పారేయబుద్ధి కాలేదు" అన్నాడు ఆర్మండ్.

గిల్ చేతిలో ఉన్న బొమ్మను ఆ కన్నంలో పెట్టి చూశాడు. అతికినట్టు సరిపోయింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. కొట్లో ఎవరూ కాఫీ తాగడం లేదు.

"ఇది రెండేళ్లుగా ఆ తలుపుకే ఉందా?" అని మెల్లగా అడిగాడు.

"మొదటి వారం నుంచీ" అన్నాడు డూట్రా, బూట్ల వైపు చూసుకుంటూ. "మేమంతా అది చూసే కదా..."

అంటే అందరికీ తెలుసు. నన్ను రేడియో అని నవ్విన ప్రతి నోటికీ తెలుసు. రెండేళ్లుగా అద్దం ముందు నిలబడి సాధన చేసిన తిట్లన్నీ ఒక్కసారే గొంతులోకి ఎగబాకాయి. "మీరంతా ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుని, నాలుక చాపి ప్రసాదం తీసుకునేవాళ్లే కదర్రా! నేను చెప్పలేదని తెలిసి కూడా నా మొహం చూసి ఎలా నవ్వారు?"

"చెబితే ఆ చోటు మాకు ఎలా తెలిసిందో కూడా చెప్పాల్సొచ్చేది ఒలిందా" అన్నాడు ఆర్మండ్. నిజమే చెప్పాడు, ఆ నిజానికి అతన్ని మలుగుపాముల తొట్టెలో ముంచాలనిపించింది.

అప్పుడు గిల్ గొంతు సవరించుకున్నాడు. రాయి మీద నిలబడ్డట్టు రెండు కాళ్లూ ఎడంగా పెట్టాడు. "అందరూ వినండి. ఆ చోటు బయటపెట్టిన వెధవని నేనే. మా అక్క ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. రెండేళ్లు నేను తనని ఆడిపోసుకున్నా, పండక్కి కూడా ఇంటికి పిలవలేదు. ఇంకోసారి ఎవడన్నా రేడియో అన్నాడంటే, మోకాలు కొత్తదే, గట్టిగానే ఉంది."

డజను మలుగుపాములు బకెట్లో పోయించుకుని వచ్చి బండిలో కూర్చున్నాం. గిల్ తాళం పెట్టాడు గానీ తిప్పలేదు. "శనివారం అత్తగారి పళ్ల దగ్గరికే పోదాం అక్కా. ఆ పదకొండు బండ్ల వెనకాల నిలబడతా. నాకు జరగాల్సిందే" అన్నాడు.

నాకింకా కోపంగానే ఉంది. కానీ వాడు నా తమ్ముడు, నవంబరు సగం అయిపోయింది. కిటికీ అద్దం పైకెత్తాను. కొట్టు ముందు ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాను. తర్వాత వాడి చెవి దగ్గరికి వంగి, నా చోటు ఎక్కడుందో, బండి ఎక్కడ ఆపాలో, ఏ రాయి మీద కాలు పెట్టకూడదో అంతా చెప్పాను. ఒక చోటు గురించి నేను నోరు విప్పడం నా జన్మలో అదే మొదటిసారి.