సర్టిఫికెట్టు పేరు

ఆళ్లగడ్డలో గురవయ్య అని పిలిస్తే నేనే పలకను. ఊరందరికీ నేను జయరాజును, చర్చిలో పెట్టిన పేరు అది. బడిలో చేర్చేనాడు అయ్యవారు పేరు అడిగితే, తననే అడుగుతున్నారనుకుని మా తాత తన పేరు చెప్పాడట. అట్లా ఆ ముసలాయన పేరు నా సర్టిఫికెట్లన్నిటికీ ఎక్కింది. మా అమ్మ దేవమ్మ తన మామ పేరు నోట పలికే మనిషి కాదు. కాబట్టి మా ఇంట్లో ఆ పేరు వినపడిందే లేదు.

నాయన లేడు. అమ్మ పత్తి చేలల్లో కూలి చేసి నన్ను అనంతపురంలో ఇంజనీరింగు చదివించింది. చదివి ఏం లాభం, అప్పటికి రెండేళ్లుగా నంద్యాలలో ఒక అంగట్లో రేడియోలు విప్పుతున్నాను. అమ్మ చేత కూలి మాన్పించాలని నా పంతం.

1984లో హైదరాబాదులో ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. కృష్ణస్వామి గారనే పెద్ద ఇంజనీరు ఒక సర్క్యూట్ బోర్డు చేతికిచ్చి, తప్పెక్కడుందో చెప్పమన్నారు. కంప్యూటరును నేను బొమ్మలో తప్ప చూడలేదు. రేడియో అంగడి పుణ్యమా అని, వాసన చూసి కాలిన చోటు పట్టేశాను. ఆయన నవ్వి, రెండు వారాల్లో ఆర్డరు రిజిస్టరు పోస్టులో మీ ఊరికే వస్తుందన్నారు.

ఏడు వారాలైనా రాలేదు. ఒక కార్డుముక్క రాసి అడిగి ఉంటే సరిపోయేది. ఊరికే ఆశ పెట్టారన్న రోషంతో రాయలేదు.

ఆ శనివారం ఇంటికి పోతే అమ్మ ఒక కవరు చేతిలో పెట్టింది. కంపెనీదే, కానీ అర్జీలో నేను రాసిన అమ్మ పేరున వచ్చింది. కృష్ణస్వామి గారు ఇంగ్లీషులో రాశారు. ఆర్డరు కవరు మీద, మనిషి చనిపోయాడని రాసి తపాలావాళ్లు తిప్పి పంపారట. మీ అబ్బాయి చాలా తెలివైనవాడు, అతన్ని పోగొట్టుకున్నందుకు మాకూ బాధగా ఉంది అని రాశారు. నా చావు కబురు నేనే చదువుకున్నాను.

"మనకు తపాలా ఏమన్నా వచ్చిందా మా?"

"పోయిన నెల కొత్త పోస్టాయప్ప వచ్చి మీ తాతను అడిగినాడు. ఆయప్ప సచ్చిపోయి తొమ్మిదేండ్లాయ అని చెప్పి పంపిచ్చినా. దీంట్లో ఏం రాసినారప్పా, ఉద్యోగం ఇచ్చినారా?"

నిజం చెబితే, తానన్న ఆ మాటను ఆమె జన్మలో మరిచిపోదు. ఉత్తరంలో ఉన్నవే ఏరుకున్నాను.

"నీ కొడుకు శానా తెలివైనోడంట. అట్లాంటోడు దక్కలేదని వాళ్లకు బాధగా ఉందంట."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పోనీలేప్పా. అంత పెద్దాయన నా పేరుతో రాసినాడు, సాలు."

సోమవారం హైదరాబాదు పోయాను. నన్ను చూసి కృష్ణస్వామి గారు కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ పట్టుకుని ఏడ్చారు. నా స్థానంలో పోయిన వారమే ఇంకొకరు చేరారట.

అమ్మ ఆ ఉత్తరాన్ని బైబిల్లో దాచి, వచ్చినవాళ్లకల్లా చూపించేది. ఒకనాడు పాస్టరుగారు చదివి, తలెత్తి నావైపు చూశారు. చెప్పొద్దని తల ఊపాను. ఆయన దాన్ని మడిచి అమ్మ చేతికిచ్చి, మంచి ఉత్తరమమ్మా అన్నారు.

మరునాడు అమ్మ ఎప్పటిలాగే పత్తి తీయను పోయింది.